గురవమ్మ దాచుకున్న ఏడుపు

గురవమ్మ ఏడిస్తే చచ్చినవాడు లేచి కూర్చుని, "నేనింత మంచోడినా!" అని ముక్కున వేలేసుకునేవాడట. కరకంబాడి చుట్టుపక్కల ఏ ఇంట చావు జరిగినా ఆమెకు కబురు వచ్చేది. పోయినవాడి బతుకంతా పదం కట్టి ఆమె ఎత్తుకుంటే, ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఊగుతూ వంత పాడేవారు. పిల్లికి బిచ్చం పెట్టనివాడు కూడా ఆ పదంలో కర్ణుడైపోయేవాడు.

అత్తామామలను ఏడ్చింది. మొగుణ్ణి ఏడ్చింది. కన్నతండ్రిని మాత్రం ఏడవలేదు.

ఆమె పాలు మరవకముందే తండ్రి మునెయ్య కరువుకు తాళలేక, కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరుకుతోటలకు పోయాడు. అదే ఓడలో పోయి, గడువు తీరి తిరిగొచ్చిన పెంచలయ్య ఆ దేశాన్ని కథలు కథలుగా చెప్పేవాడు. అక్కడి చెరుకు తాటిచెట్టంత, దొర మీసం చెరుకంత. మునెయ్య సంగతి అడిగితే మాత్రం, "వేరే తోటకు మారినాడు మే. ఆనక నేను సూడలా" అని తల దించేవాడు.

ఆ మాటలతోనే గురవమ్మ పదం కట్టుకుంది.

"పోతివా నాయనా, సంద్రానికవతల పోతివా
తియ్యని సెరుకు నరికీ నరికీ నోరు సేదాయెనా
తగరం కప్పు కింద నాయనా, తలాపున ఎవురుండిరి"

అదీ మనసులోనే. పైకెత్తితే తల్లి కుప్పమ్మ చీపురు తీసేది. "సచ్చినాడని ఎవురు సెప్పినారే నీకు? నా బొట్టు మీద ఏడుస్తావా?" కూతురి నుదురు బోసిపోయినా, తల్లి నుదుట మాత్రం రూపాయి కాసంత కుంకుమ ఉండేది.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో కుప్పమ్మ పోయింది. పాడె దగ్గర పేచీ వచ్చింది. ముత్తయిదువగా పంపాలా, విధవగానా? ఊరి పెద్ద ఎల్లప్ప కర్ర నేలకు తాటించాడు.

"నువ్వే సెప్పు గురవమ్మా. బొట్టు పెడితే మీ నాయన బతికుండాడనే లెక్క. రేపు ఆయప్పను ఏడ్సేదానికి ఊళ్లో ఆడోళ్లెవురూ రారు. తుడిస్తే ఈపొద్దే ఇద్దర్నీ కలిపి ఏడ్సుకో."

నలభై ఏళ్లుగా దాచిన పదం పెదవి దాకా వచ్చింది. గురవమ్మ తల్లి ముఖం చూసింది. బొట్టు లేని ఆ ముఖాన్ని ఆమె ఎన్నడూ ఎరగదు.

"తుడిస్తే మాయమ్మ పాడె మీంచి లేసి సీపురెత్తుకుంటాది. కుంకం తెప్పించు మామా."

కుప్పమ్మ పసుపు ముఖంతో, తల నిండా పూలతో పెళ్లికూతురిలా పోయింది.

చుట్టాలు వెళ్లిపోయారు. ఇక అడ్డు చెప్పేవాళ్లు లేరు, వంత పాడేవాళ్లూ లేరు. ఏడుపు పదం ఒంటిగా ఎత్తుకునేది కాదు. పట్టుకోవడానికి ఒక మెడ కావాలి. గురవమ్మ గుడిసె నడిమి గుంజను రెండు చేతులా కావలించుకుంది. తల్లికి బొట్టు పెట్టించిన నోటికి "పోతివా" అనే మాట రాలేదు.

"యాడుండావు నాయనా," అని ఎత్తుకుంది.

గుంజ ఊగలేదు. ఆమే ఊగింది.