మా బావగారి ఈత తొట్టి

మా బావగారికి ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన బతికున్నంత కాలం మా ఇంట్లో ఎవరూ దాన్ని పైకి అనలేదు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, మెట్ట మీద ఉండేది మా అత్తగారి ఊరు. అక్కడ గేదెల వెంట తిరిగే పిల్లలంతా నడుముకు బెండ్లు కట్టుకుని బావుల్లో దూకి ఈత నేర్చుకునేవాళ్లు. మా ఆయన కూడా అట్లాగే నేర్చుకున్నాడు. ఆయన అన్నగారు మాత్రం గట్టు మీద నిలబడి అందరి చొక్కాలకూ కాపలా కాసేవాడట. అలాంటి మనిషి నలభై ఏళ్లు దాటాక పెరట్లో ఈత తొట్టి కట్టించాడు.

అప్పటికి మన ఆంధ్ర మద్రాసు నుంచి విడిపోయి ఏడాదో రెండేళ్లో అయింది. బావగారు మాత్రం విడిపోలేదు. ఆయన భార్య పిల్లల చదువుల పేరు చెప్పి అక్కడే కాపురం ఉండేది. ఈయన నెలలో ఇరవై రోజులు అక్కడ, పది రోజులు ఇక్కడ. ఇక్కడున్న పది రోజులూ అక్కడి గొప్పలు చెప్పడానికే చాలేవి కావు. అక్కడెవరో పెద్దమనిషి బంగళాలో స్విమ్మింగు పూలు చూశాడట. ఇక ఆయనకు అన్నం సయించలేదు. సిమెంటుకు పర్మిట్లు కావలసిన రోజులవి. బావి మరమ్మతు అని అర్జీ పెట్టి బస్తాలు తెప్పించాడు. ఆ పనుల్లో మాత్రం ఆయనకు ఏ బెండ్లూ అక్కర్లేదు.

తొట్టి పూర్తయ్యాక దాని చుట్టూ తోట వేయాలన్నాడు. ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి తెచ్చాడు. అందులో నీలం నీళ్లు, నీళ్ల అంచుదాకా పచ్చిక, పక్కన గొడుగు కింద కాళ్లు చాపుకుని కూర్చున్న దొరసాని. ఆ బొమ్మను తాపీమేస్త్రీకి చూపిస్తే అతను దొరసానిని తప్ప మరి దేన్నీ చూడలేదు. అప్పుడు బావగారికి నేను గుర్తొచ్చాను. నెల్లూరులో ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని, పైగా ఊళ్లో నా అంత పెద్ద ముగ్గు వేసేవాళ్లు లేరు. తమ్ముడి భార్యతో ఎదురుగా మాట్లాడే ఆచారం లేదు గనక, ఆయన స్తంభం వైపు తిరిగి స్తంభానికే చెప్పాడు.

"అమ్మాయిని గీయమను. ఆ బొమ్మలో మాదిరే ఉండాల. నాలుగు పక్కలా సమానంగా ఉండాల."

నేను పొంగిపోయాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పెళ్లయిన ఆరేళ్లలో ఆ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. మర్నాడు పొద్దున్నే పెరట్లో అడుగులు కొలుచుకుంటూ చుక్కలు పెట్టాను. తొట్టి చుట్టూ ముగ్గుపిండితో గీతలు వేశాను. ఇక్కడ క్రోటన్లు, ఇక్కడ కాగితం పూలు, నాలుగు మూలలా నాలుగు అర్ధచంద్రాలు. మూడు మూలలు చక్కగా కుదిరాయి. నాలుగో మూలలో దొడ్డివాకిలి ఉంది. దాన్ని వదిలేస్తే చంద్రం సగంలో తెగిపోతుంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, వాకిలికి అడ్డంగా గీత లాగి చంద్రాన్ని కలిపేశాను.

ఆ వాకిలి గురించి చెప్పాలి. మా ఊళ్లో ఏ బావి తవ్వినా ఉప్పు నీళ్లే. మా పెరటి బావిలో మాత్రం తియ్యటి నీళ్లు పడ్డాయి. మా అత్త కొత్తకోడలుగా వచ్చిన ఏడాదే ఆ బావి తవ్వారట. పగటిపూట దొడ్డివాకిలికి గడియ పెట్టకూడదని మామగారి తండ్రి ఆమెకు చెప్పాడట. అప్పటినుంచి వీధివీధంతా ఆ వాకిట్లోంచే వచ్చి నీళ్లు తోడుకునేది. ఊరి బయటి వాడ నుంచి వచ్చే ఆడవాళ్లు మాత్రం గడప అవతలే నిలబడేవాళ్లు. ఎవరో ఒకరు తోడి వాళ్ల కడవల్లో పోయాలి. మామగారు పోయాక ఇంట్లో అత్త మాటకు విలువ లేకుండా పోయింది. బీరువా తాళాలు కొడుకులకు పోయాయి, వంటిల్లు నాకు వచ్చింది. ఆమెకంటూ మిగిలింది ఆ వాకిలి ఒక్కటే. పొద్దున లేవగానే వెళ్లి తెరిచేది, దీపాల వేళకు మూసేది.

ముగ్గు చూసి అత్త అడిగింది. "వాకిలికి అడ్డంగా గీసినావేంది మే?"

"లేకుంటే మూల కలవదు అత్తా," అన్నాను.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. అరిచినా బాగుండేది.

క్రోటన్లు మద్రాసు నుంచి లారీలో వచ్చాయి. వాటితో పాటు ఒక సిమెంటు కొంగ కూడా వచ్చింది. దాని నోట్లోంచి నీళ్లు పడతాయన్నాడు బావగారు. ఒక్క బొట్టు కూడా పడలేదు. దొడ్డివాకిలి ముందు చంద్రంలో గోరింట మొక్కలు ఇంకా జానెడెత్తే ఉండేవి గనక, నీళ్లకొచ్చే ఆడవాళ్లు వాటిని దాటుకుంటూ పోయేవాళ్లు. ఇక పచ్చిక రావాలి. పచ్చిక అంటే మా మెట్టలో ఉన్నది గరిక ఒక్కటే. ఇద్దరు మనుషులు చెరువుకట్ట మీద నుంచి గరిక తవ్వి తెచ్చి, రెండు రోజులు వంగి వరసగా నాటారు. తడిపితే నాలుగు రోజుల్లో పచ్చబడింది. బావగారు గట్టు మీద కుర్చీ వేయించుకుని దాన్ని చూస్తూ కాఫీ తాగేవాడు.

ఆ వారంలోనే, పొలంలో పని లేదని, కలుపు తీసే ఆడవాళ్లను ఆరుగురిని క్రోటన్లకు పాదులు చేయడానికి పెరట్లోకి పంపాడు మా ఆయన. బావగారు ఆత్మకూరు పోయి ఉన్నాడు. ఆ ఆడవాళ్లు పుట్టినప్పటి నుంచి గరికతో యుద్ధం చేస్తున్నవాళ్లు. ఒక్క పోచ కనిపిస్తే చేను పాడైనట్టే వాళ్లకు. పెరడంతా గరిక చూసి గుండెలు బాదుకున్నారు. ఎవరూ చెప్పకుండానే కొంగులు బిగించి, మధ్యాహ్నానికల్లా వేర్లతో సహా పీకి, దులిపి, మోపులు కట్టి గేదెలకు వేసేశారు. బావగారు వచ్చేసరికి పెరడు అలికినట్టు ఉంది.

"ఏం జేసినారే!" అని కేక పెట్టాడు.

వాళ్లలో పెద్దావిడ నుదుటి చెమట తుడుచుకుంటూ గర్వంగా చెప్పింది. "ఎవురూ జూడలేదో ఏమో సామీ, గరిక తెగ బలిసిపోయి ఉండాది. ఒక్క యేరు మిగలకుండా పీకినాం."

"అది ఇంగ్లీషు గడ్డే!"

"ఇంగ్లీషుదా? మా చేలల్లో ఎకరాలెకరాలు ఉండాది సామీ, ఎంత కావాలంటే అంత తీసకపోండి."

నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆయనకు ఆ ఆడవాళ్ల ముందు, నేను గడ్డి పెంచుతున్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. మెట్ట రైతు కొడుకు కదా, ఎంత మద్రాసు తిరిగినా ఆ మాత్రం సిగ్గు మిగిలింది. ఆ సిగ్గు మీద గౌరవం ఉంచుకుని అంతటితో మానేసినా సరిపోయేది.

మానలేదు. మళ్లీ నాటించాడు. ఈసారి ఎండలు ముదిరాయి, రెండుపూటలా తడపాల్సి వచ్చింది. మద్రాసు నుంచి స్నేహితులు వస్తున్నారు, ఉదయగిరి కొండ చూడ్డానికి పోతూ దారిలో మా ఇంట్లో దిగుతారు, తొట్టి నిండా నీళ్లుండాలి. ఆయిలింజను పెట్టి తోడించాడు. బావి అడుగు రాళ్లు కనబడ్డాయి. అప్పుడు ఆయనకు తోచింది ఏమిటయ్యా అంటే, వీధి ఆడవాళ్లు వచ్చి నీళ్లన్నీ మోసుకుపోతున్నారని. మేస్త్రీని పిలిపించి దొడ్డివాకిలికి ఇటుకలు పెట్టించాడు. అత్త అడ్డం పోతే నా ముగ్గు మాటే చెప్పాడు.

"నీ కోడలే గీసింది గదమ్మా. ఆ పక్క వాకిలి లేదు."

వీధి ఆడవాళ్లు మైలు దూరంలో ఉన్న వాగుకు పోయి, ఇసకలో చెలమలు తోడి, గ్లాసుతో కడవలు నింపుకోవడం మొదలుపెట్టారు. అత్త అన్నం సగం తిని లేచిపోయేది. నాతో మాట్లాడటం మానేసింది.

స్నేహితులు ముగ్గురు కారులో దిగారు. చలువ అద్దాలు, పట్టు చొక్కాలు. నడవలో కుర్చీల్లో కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. ముందు మీరు దిగండి, నాకు జలుబుగా ఉంది అని బావగారు అప్పుడే చెబుతున్నాడు. అత్త వీధి వాకిట్లో నిలబడి, వాగుకు పోతున్న ఆడవాళ్లను గొంతెత్తి పిలిచింది.

"ఎండలో వాగుకెందుకు పోతారు? ఇట్లరాండి. దొడ్డిదోవ మూసినారు గానీ వీధి వాకిలి తెరిచే ఉండాది. తొట్టి నిండా నీళ్లుండాయి."

వాళ్లు మొదట జంకారు. అత్త ఒకామె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. తర్వాత వరసగా వచ్చారు. పదీ పదిహేను మంది కడవలతో నడవ మధ్యలోంచి, ఆ పెద్దమనుషుల మోకాళ్లు రాసుకుంటూ పెరట్లోకి పోయి, తొట్టిలో ముంచుకుని, నీళ్లు చిందించుకుంటూ వెనక్కి వచ్చి, ఇళ్లలో పోసి మళ్లీ మళ్లీ వచ్చారు. బావగారి మొహం మాడిపోయింది.

"అమ్మా, ఏందిది? నా మర్యాద పోతా ఉండాది."

"నీ మర్యాదంతా పెరట్లో గదా నాయనా ఉండాది. నడవలో ఏముండాదని?"

వాడ ఆడవాళ్లు నలుగురు వీధిలో, మా అరుగుకు దూరంగా, ఖాళీ కడవలు పట్టుకుని నిలబడ్డారు. అత్త నా వైపు తిరిగింది. పన్నెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"మూల కలిపినదానివి నువ్వే గదా. మొయ్యి."

మగవాళ్ల ముందు, అందులోనూ బావగారి ముందు, తలుపు చాటునైనా నిలబడని దాన్ని. బిందె చంకన పెట్టుకుని ఆ నడవలోంచి ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. చీర తడిసి కాళ్లకు చుట్టుకుంది. ఒక పెద్దమనిషి నాకు దారి ఇవ్వడానికి కాళ్లు కూడా ముడుచుకోలేదు. తొట్టిలో నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. స్నేహితులు భోజనం మాట ఎత్తకుండానే కారెక్కారు, వాళ్లతో పాటు బావగారూ ఎక్కాడు. ఆ సాయంత్రం మా ఆయన గడ్డపార తీసుకుని ఇటుకలు తొలగించాడు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. అందరూ బావగారిని చూసి నవ్వుతారు, అత్తను మెచ్చుకుంటారు, నా మీద జాలిపడతారు. ఒక్కటి మాత్రం చెప్పకుండా దాటేస్తూ వచ్చాను. నేను కడవలు నింపుతూ ఉంటే వాడ నుంచి వచ్చిన ఒకామె, "మీరు మోస్తా ఉంటే మాకే పాపంగా ఉండాదమ్మా, ఇంక చాలు," అంది. ఇల్లంతా వీధివాళ్లతో నిండిపోయి ఉంది, నడవంతా బురద. అయినా, మీరే లోపలికొచ్చి ముంచుకోండి అని నేను అనలేదు. అత్త కూడా అనలేదు. ఆ మాట మా ఇద్దరికీ తోచనే లేదు.