మడమ నొప్పికి కొండ మొక్కు

మా అమ్మాయి ఖోఖో ఆడి వచ్చిన ప్రతి సాయంత్రం మడమలు పట్టుకొని కూర్చునేది. తిరుపతిలో ఎముకల డాక్టరు మడమను రెండు పక్కలా నొక్కి చూశాడు. ఎదిగే వయసులో మడమ ఎముక ఇంకా గట్టిపడదనీ, పరుగెత్తినప్పుడల్లా పిక్క కండరం దాన్ని లాగుతోందనీ చెప్పాడు. ఆట తగ్గించి ఐసు పెట్టమన్నాడు, మెత్తటి బూట్లు వేయమన్నాడు.

ఈలోగా మా అమ్మ మొక్కేసింది, శనివారం మనవరాలు చెప్పుల్లేకుండా కొండెక్కుతుందని.

మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడేవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. "నొప్పి కాళ్లతో రాతిమెట్లు ఎక్కిస్తావా? ఏ దేవుడు అడిగినాడమ్మా?"

"సభల్లో అరిసినట్టు ఈడ అరవద్దు నాయనా. నీ డాక్టరు ఏం జేసినాడు? నొక్కి బిడ్డను ఏడిపించినాడు, అంతే గదా!"

అమ్మాయికి కాగితం మీద ఎముక బొమ్మ గీసి చెప్పాను. శ్రద్ధగా వింది.

"ఎప్పుడు తగ్గుతాది నాయనా?"

"వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. మళ్లీ వచ్చినా రావచ్చు."

"సోమవారమే జిల్లా సెలక్షన్లు. అవ్వేమో శనివారానికే పోతాది అంటాంది."

వాదనలో ఎందరినో ఓడించిన నాకు, ఆ పిల్లకివ్వడానికి ఒక తేదీ లేదు.

శనివారం అలిపిరి మెట్ల మీద దాని వెనకే నడిచాను.

"నొప్పెడ్తాందా అమ్మా?"

"లేదు నాయనా. ఉండాదంటే మొక్కు చెల్లదంట."

మడమ నేలకు ఆనించకుండా, మునివేళ్ల మీద ఎక్కుతోంది.