ఉంగరపు వేలికి ఇంకేం పని?

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది సంగతి ఇది. అప్పటికి నేను కాజిల్‌బార్ అనే ఐరిష్ ఊళ్లో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో హ్యాండ్ థెరపిస్టుగా చేరి నాలుగేళ్లయింది. చేతికి దెబ్బ తగిలినవాళ్లకీ, ఆపరేషన్ అయినవాళ్లకీ వేళ్లు మళ్లీ పనికొచ్చేలా చూడటం మా పని. తణుకులో మావాళ్లు నన్ను ‘వేళ్ల డాక్టరు’ అని చెప్పుకుంటారు. నేను డాక్టర్ని కాదు గానీ, ఆ పేరు బాగుందని సరిదిద్దడం మానేశాను.

ఆ ఫిబ్రవరిలో మార్టిన్ వచ్చారు. అరవై దాటిన పోస్ట్‌మ్యాన్. తలుపుకున్న కంతలోంచి ఉత్తరాలు లోపలికి తోస్తుంటే అవతల ఉన్న కుక్క కుడిచేతి ఉంగరపు వేలు పట్టేసింది. ఫ్లెక్సర్ టెండన్ తెగింది. వేలు ముడవాలంటే లోపలినుంచి లాగే తాడు లాంటిది అది. సర్జన్ కుట్టి పంపారు, మిగతాది నా వంతు. ఆ కుక్క మీద మాత్రం ఆయనకు కోపం లేదు. దాని ఇల్లు అది కాపాడుకుంది, తప్పేముంది అనేవారు.

మొదటిరోజు అందరినీ అడిగే ప్రశ్నే ఆయననీ అడిగాను, ఈ చేత్తో మళ్లీ ఏం చేయాలనుకుంటున్నారని. చొక్కా గుండీలు పెట్టుకోవాలనో, కారు నడపాలనో చెప్తారు చాలామంది. ఈయన చెప్పింది వేరు.

“ఆదివారం టామ్‌తో కలిసి బాణాలు వేయాలి. వేళ్లతో.”

ఆ ‘వేళ్లతో’ ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయనే వివరించారు. వాళ్లు వాడేది కాంపౌండ్ బో, రెండు చివర్లా చక్రాలుండే విల్లు. లాగేటప్పుడు బరువు బాగా ఉంటుంది గానీ, పూర్తిగా లాగేసరికి ఆ చక్రాలు తిరిగి బరువు సగానికి పైగా తగ్గిపోతుంది. దాన్ని లెట్-ఆఫ్ అంటారు. ఈ విల్లును దాదాపు అందరూ రిలీజ్ ఎయిడ్‌తోనే వేస్తారు. మణికట్టుకు కట్టుకునే చిన్న పరికరం అది. దాని కొక్కెం వింటినారిని పట్టుకుంటుంది, మీట నొక్కితే వదులుతుంది. వాళ్ల విలువిద్య క్లబ్బులో వేళ్లకు తోలుముక్క అడ్డం పెట్టుకుని, బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు వేసి లాగేవాళ్లు ఇద్దరే మిగిలారు. మార్టిన్ ఒకరు, ఆయనకు నేర్పిన టామ్ ఇంకొకరు.

నాకు వెంటనే తోచిన సలహా చెప్పేశాను. రిలీజ్ వాడితే ఆ వేలితో పనే ఉండదు కదా! ఆలోచిస్తానన్నారు. మరుసటి వారం మళ్లీ చెప్పాను, మళ్లీ అదే జవాబు. ఆరోసారో ఏడోసారో, ఒకటి కొన్నానని చెప్పారు. పేషెంటు మాట విన్నాడన్న సంబరంతో ఫైల్లో రాసుకున్నాను కూడా.

మార్టిన్ లాంటి పేషెంటు దొరకడం అదృష్టం. చెప్పిన ఎక్సర్‌సైజు చెప్పినట్టు చేసేవారు. నొప్పి ఎలా ఉందంటే మాత్రం ‘గ్రాండ్’ అనేవారు, అంటే ఇక్కడివాళ్ల మాటలో బాగానే ఉందని. వేలు వాచి బెండకాయలా ఉన్నా గ్రాండే. అందుకని నేను ఆయన మాట కాకుండా ముఖం చూసి రాసుకునేదాన్ని. జులైకల్లా పిడికిలి బలం కొలిచే డైనమోమీటరులో కుడిచెయ్యి ఎడమచేతితో దాదాపు సమానంగా వచ్చింది. సర్జన్ కూడా సరేనన్నారు. వెళ్లి వేసుకోండి అని గర్వంగా పంపాను.

మూడు వారాల్లో తిరిగొచ్చారు. బాణాలన్నీ ఎడమకే పోతున్నాయట. నాకు విసుగొచ్చింది. కొన్న రిలీజ్ వాడొచ్చు కదా, ఎందుకింత పట్టుదల అని కాస్త గట్టిగానే అన్నాను. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు.

టామ్ భార్య ఆ చలికాలంలోనే పోయింది. ఆయన ఇల్లు కదిలేది ఆదివారం ఒక్కపూటే, ఈ బాణాల కోసం. వాళ్ల క్లబ్బులో వేళ్లతో వేసేవాళ్లు లక్ష్యానికి దగ్గరగా పాతిన గుంజ దగ్గర నిలబడతారు, రిలీజ్ వాళ్లు దూరం గుంజ దగ్గర. ఏ గుంజ వాళ్లు ఆ గుంజ వాళ్లతోనే లక్ష్యాలు పెట్టిన అడవంతా తిరిగి, ఒకరి స్కోరు ఒకరు రాస్తారు. చెయ్యి బాగయ్యేదాకా మార్టిన్ బాణం వేయకపోయినా వెంట తిరుగుతూ టామ్ స్కోరు రాశారు.

“నేను అవతలి గుంజకు వెళ్తే టామ్ ఏమీ అనడు. గ్రాండ్ అంటాడు. ఆ పై ఆదివారం నుంచి రాడు. వాడి సంగతి నాకు తెలుసు, లలితా.”

సిగ్గేసింది. మొదటిరోజే ‘టామ్‌తో కలిసి’ అన్నారాయన. నేను ‘బాణాలు’ ఒక్కటే రాసుకున్నాను.

ఇంటికెళ్లి మా ఆయన శ్రీధర్‌కు చెప్పాను. తనది వరంగల్.

“ఆర్నెల్ల నుంచి ఆ వేలి ముచ్చటే చెప్తున్నవ్. పోయి చూసొద్దాం పా, అయిపోతది,” అన్నాడు.

ఆదివారం సన్నటి జల్లులో వెళ్లాం. అడవిలో ఫోమ్‌తో చేసిన జింకలు, అడవిపందులు అక్కడక్కడా నిలబెట్టి ఉన్నాయి. టామ్ పొడుగ్గా, మాటకు మాట అంటించే మనిషి. ఈ చేతిని బాగుచేసింది మీరేనా, అయితే ఈ మధ్య నా గెలుపులన్నీ మీ చలవే అన్నారు. మార్టిన్ నవ్వలేదు. శ్రీధర్ ఫోనులో స్లో మోషన్ పెట్టి మార్టిన్ చేతిని దగ్గరగా తీశాడు. అందరం తలలు ఆనించి చూశాం. చూపుడు వేలు, మధ్య వేలు ఒక్కసారే తెరుచుకున్నాయి. ఉంగరపు వేలు ఒక్క క్షణం వెనకబడింది. నారి దానికి తగిలి, పక్కకు జరిగి వెళ్లింది.

కుట్టిన టెండన్ మానేటప్పుడు చుట్టూ ఉన్న కండకు కాస్త అంటుకుపోతుంది. మేం దాన్ని అడ్హీషన్ అంటాం. అందుకే ఆ వేలు ఆలస్యంగా తెరుచుకుంటోంది. ఆరునెలలు నేను ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకోగలదో కొలిచాను. ఎంత త్వరగా వదలగలదో ఒక్కసారీ చూడలేదు. ఇంకో ఆపరేషన్ చేయించుకుంటే బాగవ్వొచ్చు, మరింత పాడవ్వనూ వచ్చు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నిలబడిపోయాను.

నా ముఖం చూసి టామ్ జాలిపడ్డట్టున్నారు. కొత్తవాళ్ల కోసం ఉంచిన తేలికపాటి విల్లు నా చేతికిచ్చి, తన తోలుముక్క తొడిగి, దగ్గరలో బాణాలు గుచ్చుకునేందుకు పెట్టిన దిమ్మ ముందు నిలబెట్టారు. మూడు వేళ్లతో లాగాను. వేళ్లు తెగిపోతాయనిపించింది. ఇంకాస్త లాగేసరికి చక్రాలు తిరిగి, బరువంతా ఎవరో ఎత్తుకుపోయినట్టయింది. ఆశ్చర్యంతో అలాగే పట్టుకుని, ఏమీ తెలియని మనిషిలా అడిగాను.

“ఇక్కడికొచ్చాక ఇంత తేలికైపోతోందే, ఈ ఉంగరపు వేలికి ఇంకేం పని?”

నేను బాణం వదిలాను, అది దిమ్మ అంచున గుచ్చుకుంది. తిరిగి చూస్తే మార్టిన్ అప్పటికే తన విల్లు ఎత్తుతున్నారు. మూడు వేళ్లతో లాగారు. నారి బుగ్గకు ఆనాక ఉంగరపు వేలు మెల్లగా తెరిచి పక్కకు పెట్టారు. నారి మీద రెండు వేళ్లే మిగిలాయి. వదిలారు.

బాణం అడవిపంది వీపు మీదుగా పైకి పోయింది. ఇంకొకటి వేశారు. అదీ పైకే. టామ్ ఆ పంది దాకా వెళ్లి చూసి వచ్చారు.

“పైకి పోయాయి. ఎడమకు పోలేదు,” అన్నారు. “పైకి పోతే గురి దించి సరిచేయడం మన చేతిలో పని.”

మార్టిన్ కళ్లు తుడుచుకున్నారు. వాన అనుకోమన్నట్టు ఆకాశం వైపు చూశారు గానీ, అప్పటికి జల్లు ఆగిపోయింది.

తర్వాత తెలిసింది, వేళ్లతో కాంపౌండ్ వేసేవాళ్లలో అలా మధ్యలో ఒక వేలు తీసేసేవాళ్లు వేరేచోట్ల ఉన్నారట. వీళ్లిద్దరికీ ఆ అవసరం ఎప్పుడూ రాలేదు, అంతే. నేను కనిపెట్టిందేమీ లేదు. ఆ బరువు లాగే బలం ఆ వేలికి వచ్చింది గనకే ఆ పద్ధతి కుదిరింది. ఆరునెలల మా శ్రమ వృథా పోలేదని అదొక్కటీ నాకు తృప్తి.

అక్టోబరులో ఆఖరి అపాయింట్‌మెంటుకు వచ్చినప్పుడు మార్టిన్ నా బల్ల మీద ఒక చిన్న డబ్బా పెట్టారు. రిలీజ్ ఎయిడ్. సీలు కూడా తీయలేదు.

“మీరు అన్నిసార్లు చెప్తుంటే కాదనలేక కొన్నాను,” అన్నారు.

ఇప్పుడు మొదటిరోజే పేషెంట్లకు చెప్తాను, మళ్లీ చేయాలనుకుంటున్న పనికి సంబంధించిన వస్తువేదో వెంట తెచ్చుకోమని. అల్లికసూదులు తెచ్చినవాళ్లున్నారు, గేటు గొలుసు తెచ్చిన రైతు ఉన్నాడు. ఆ పని ఎవరితో కలిసి చేస్తారో కూడా అడిగి రాసుకుంటాను. ఈ అలవాటు మార్టిన్ పెట్టిన భిక్ష.

ఆ డబ్బా క్లినిక్‌లో నా ప్రెస్‌లోనే ఉంది. ఇక్కడ అలమరను అలాగే అంటారు. డబ్బా మూతకు ఒక స్కోరుకార్డు అంటించి ఇచ్చారు మార్టిన్. అందులో రెండే పేర్లు. ఆ కార్డు ప్రకారం మార్టిన్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. కార్డు అడుగున టామ్ చేతిరాత: ‘వచ్చే ఆదివారం పదింటికి. ఆలస్యం చేయకు.’