పున్నమి దాటిన సాయంత్రాలు

మా పక్కింటి మాస్టారు పోయారు. ఆస్పత్రి నుంచి వాళ్ళమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి, "నాన్న వెళ్ళిపోయారే" అంది. ఆ వెంటనే, "నిన్న సాయంత్రం కూడా అడిగారు, పక్కింటమ్మాయి బట్టలు తీసుకుని లోపలికెళ్ళిందా అని" అంది.

హామిల్టన్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒక చెక్క కంచె. పని నుంచి డ్రైవ్ చేసుకుంటూ ఇల్లు చేరి, పెరట్లో బట్టలు తీయబోయేసరికి చలికాలమైతే చీకటి పడిపోతుంది. పున్నమి వెళ్ళిన మర్నాటి నుంచి నాలుగైదు రోజులు ఆ వేళకి కంచె అవతల టార్చి వెలిగేది. "తీసుకో అమ్మా, నేనున్నాను" అనేవారు మాస్టారు. అమావాస్యకి లేని భయం పున్నమి వెళ్ళాక ఏమిటండీ అని వేళాకోళం చేసేదాన్ని.

ఆయన వయసులో ఉండగా టాంజానియాలో ఒక పల్లెటూరి బడిలో లెక్కలు చెప్పారు. అక్కడ నేర్చుకున్న సంగతి ఇది.

"నిండు వెన్నెల్లో సింహానికి వేట కుదరదమ్మా. జింకలు దూరం నుంచే చూసి పారిపోతాయి. ఆ రాత్రులన్నీ అర్ధాకలే. పున్నమి దాటాక చంద్రుడు ఆలస్యంగా వస్తాడు చూడు, పొద్దుగూకాక ఆ కాస్త చీకటే దానికి అదను. మనుషులింకా బయటే తిరుగుతుంటారు."

"ఈ దీవుల్లో పాము కూడా లేదు మాస్టారూ."

"నాకు తెలుసు. నా కాళ్ళకే తెలీదు" అని నవ్వేవారు.

ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెబితే ఏమీ అనేవారు కాదు. "ఏ భాషలో చేసినా నాకు జవాబొకటే రావాలి" అనేవారు. మహా మొండిమనిషి. మా నిమ్మచెట్టు మీద ఏనాడూ నా కత్తెర పడనివ్వలేదు.

ఒక ఏడాది అట్లతద్దికి నలుగురం మా పెరట్లో చేరాం. పున్నమి వెళ్ళిన మూడో రోజు కదా, పైగా ఇక్కడ అక్టోబరులో చంద్రుడు మరీ తాత్సారం చేస్తాడు. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. మాస్టారు టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కాఫీ ఇస్తే తాగలేదు. ఎందుకండీ ఈ కాపలా అని కాస్త విసుగ్గానే అడిగాను.

"మా ఆవిడదీ అట్లతద్దే అమ్మా" అన్నారు. "అట్లు పోసేసి, చంద్రుణ్ణి చూద్దాం రమ్మంది. మొన్ననేగా పున్నమి, వెన్నెల వచ్చేస్తుంది, నువ్వు పద, ఈ పేపర్లు దిద్ది వస్తానన్నాను." టార్చి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. "చంద్రుడు వచ్చేసరికి వాకిట్లో ఆవిడ లేదు. సింహం అడుగులున్నాయి."

చంద్రుడు వచ్చినా మేమెవరం అట్లు ముట్టుకోలేదు. ఉపవాసం ఉన్నవాళ్ళు తినాలని ఆయనే దగ్గరుండి తినిపించారు. అంత బరువు గుండెలో పెట్టుకుని ఆ మనిషి అన్నేళ్ళు ఎలా బతికారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత వేళాకోళం మానేశాను. ఉతికిన బట్టలు లేకపోయినా, ఆ సాయంత్రాల్లో ఒక్క తువ్వాలైనా తీగ మీద వేసి తీసుకొచ్చేదాన్ని. నేను లోపలికి వెళ్ళడం ఆయన చూడాలి. చూశాకే ఆయన అన్నానికి కూర్చునేవారు.

మొన్న మళ్ళీ పున్నమి వెళ్ళింది. మర్నాడు పని నుంచి వచ్చి పెరట్లోకి వెళ్ళాను. కంచె వైపు చూడకూడదనే అనుకున్నాను. చూశాను. చీకటిగా ఉంది. తీగ మీద దుప్పటి పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను.

కాళ్ళ దగ్గర గడ్డి మీద వెలుగు పడింది.

వాళ్ళమ్మాయి. తల్లి పోయినప్పటి నుంచి అట్లతద్ది పేరెత్తని మనిషి. తండ్రి స్వెట్టర్ వేసుకుని, ఆయన టార్చి పట్టుకుని కంచె దగ్గర నిలబడి ఉంది.

"తీసుకో, నేనున్నాను" అంది.

బట్టలన్నీ తీసుకుని లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాను. కిటికీలోంచి చూస్తే, చంద్రుడు ఇంకా రాలేదు. ఆ టార్చి వెలుగు మా గడప మీదే ఉంది.