సాక్షి సీసా

ఈ పొద్దున కర్నూలులో మా కాలేజీ లేబు తలుపు తీయగానే మాగిన అరటిపండు, ఉడికిన బెల్లం కలిసిన పులుపు వాసన ముఖాన కొట్టింది. తెల్లవారకముందే కరెంటు పోయిందట. మే నెల, చెప్పేదేముంది! సీసాల్లో ఈగలు ఎగరడం మాని అడుగున చతికిలబడ్డాయి. నా నోటి వెంట మొదట వచ్చిన మాట, "సాక్షి సీసాలు యాడ?" విద్యార్థులు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వరా మరి! ఆ మాట నాది కాదు, రూతమ్మ మేడమ్‌ది. ఆమె పోయి ఏడాది కావస్తున్నా నా నోట్లో కూర్చుని నన్ను సతాయిస్తూనే ఉన్నారు.

మీరు ఆమెను చూసి ఉండరు. కడపలో నా పరిశోధనకు గైడు. బద్వేలు దగ్గరి పల్లెలో, కూలికి పోయి బిడ్డను చదివించుకున్న క్రైస్తవ కుటుంబం వాళ్ళది. పొట్టి మనిషి, నూలు చీర, మెడలో తాడు కట్టిన భూతద్దం. మనం చేత్తో తోలేసే పండ్ల ఈగల మీద జీవితమంతా గడిపారు. ఏ ఈగ ఏ జాతిది, ఏది దేనికి చుట్టం, ఎప్పుడు దారులు వేరయ్యాయి, ఇవన్నీ వాటి జన్యువులను బట్టి తేల్చడం ఆమె పని. చూడ్డానికి అచ్చు ఒకేలా ఉన్నవి వేరు వేరు జాతులు కావచ్చు, రంగు తేడా ఉన్నవి ఒకే జాతి కావచ్చు. అందుకని కంటిని నమ్మకూడదు. రెండింటినీ జతకట్టించి పిల్లలు పుడతాయా, ఆ పిల్లలకు మళ్ళీ పిల్లలు పుడతాయా అని చూడాలి. పిల్లపురుగుల క్రోమోజోముల మీది చారలు పోల్చాలి. ఆదివారం ఆరాధన కాగానే బైబిలు సంచీతోనే లేబుకు వచ్చేవారు. "ఈగలకు ఆదివారమని తెలుస్తాదా అప్పా?" అనేవారు. ఈగలకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు కదా! ఆ సంగతి ఆమెకు పట్టేది కాదు.

మాది ఆత్మకూరు. నల్లమల అంచున కొన్ని ఈగలు పట్టాను, ఓర్వకల్లు రాళ్ళగుట్టల కింద కొన్ని పట్టాను. బస్సులో సీసాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కసీటు పెద్దాయన కాసేపు వాటినే చూసి, "ఏమప్పా, ఈగల్ని ఏసుకొని యాడికి పోతాండావు?" అన్నాడు. కడపకు అన్నాను. "ఏం, కడపలో ఈగల్లేవా?" అన్నాడు.

నల్లమల ఈగలు ఓర్వకల్లు ఈగల కంటే కాస్త నల్లగా ఉన్నాయి. వేరే జాతేమోనని నాకు ఆశ పుట్టింది. ఆ ఊరివాటిని ఈ ఊరివాటితో జతకట్టించి ఇరవై సీసాలు పెట్టాను. ఏసీ గది ఇరుకు, ఎప్పుడూ పెంచే ఈగలతోనే నిండిపోయేది. అందుకని నా సీసాలను పక్కగదిలో ఫ్యాను కింద పెట్టాను. పదిహేను రోజులు గడిచాయి. ఒక్క సీసాలోనూ ఒక్క పిల్ల పుట్టలేదు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్త జాతి! పేరు పెట్టేది నేనే! మా అవ్వ పేరు పెడతానని ఇంటికి ఫోను చేశాను. "ఈగకా నా పేరు? ఇంకేం దొరకలేదా నీకు?" అంది అవ్వ, లోపల మురిసిపోతూనే. సాయంత్రానికల్లా నాయన టీ కొట్టులో అందరికీ చెప్పేశాడు.

మేడమ్ ఇరవై సీసాలూ ఒక్కొక్కటే ఎత్తి వెలుగులో చూశారు.

"శానా బాగుండాది. సొంతూరోళ్ళకు పుట్నాయా?"

"ఎవరికి మేడమ్?"

"ఓర్వకల్లు మగదానికి, ఓర్వకల్లు ఆడదానికి. ఆ సీసా యాడుండాది?"

"పెట్టలేదు మేడమ్. వాటికి ఎట్లాగూ పుడతాయి కదా!"

"నువ్వు చూసినావా?"

ఒళ్ళు మండిపోయింది. సదస్సుకు సారాంశం పంపడానికి శుక్రవారమే గడువు. ఆమె సంతకం కావాలి. బతిమాలాను, అలిగాను, చివరికి గొంతు కూడా పెంచాను. ఆమె తొణకలేదు. "చర్చిలో సాక్ష్యం చెప్పేటోడు పక్కింటోని సంగతి చెప్పడప్పా, తాను చూసింది చెప్తాడు. సాక్షి లేని సీసా మీద నేను సంతకం పెట్టను. అదే గదిలో, అదే ఫ్యాను కింద, సొంతూరి జతలు పెట్టుకొని రా." శుక్రవారం వచ్చింది, పోయింది. నేను పళ్ళు కొరుక్కుంటూ సాక్షి సీసాలు పెట్టాను.

వాటిలోనూ పిల్లలు పుట్టలేదు.

"అయితే ఓర్వకల్లు మగ ఈగ వేరే జాతి, ఓర్వకల్లు ఆడ ఈగ వేరే జాతి. రాసుకో," అన్నారు మేడమ్. నవ్వను కూడా నవ్వలేదు. ఆ గదిలో ఉష్ణమాపకం పెట్టి చూపించారు. మన ఎండలకు ఆ గది ఉడికిపోతోంది. అంత వేడికి మగ ఈగలు గొడ్డుపోతాయి. నల్లమల లేదు, జాతి లేదు, అంతా మే నెల చేసిన పని. తల కొట్టేసినట్టయింది.

"మీకు ముందే తెలుసు కదా మేడమ్?"

"అనుమానమైతే ఉన్నింది."

"మరి చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు నన్ను నమ్మేటోడివి. నమ్మాల్సింది సీసాను."

చలికాలంలో, ఏసీ గదిలో, సాక్షులను పక్కన పెట్టుకొని మళ్ళీ మొదలుపెట్టాను. అన్ని సీసాల్లోనూ పిల్లలు కుప్పలుగా పుట్టాయి. ఆ పిల్లలకు మళ్ళీ పుట్టాయి. ఒకే జాతి, మారుమాట లేదు. కాకపోతే నల్లమల ఈగల క్రోమోజోములో ఒక ముక్క తలకిందులుగా తిరగబడి ఉండటం తరచుగా కనిపించింది, ఓర్వకల్లు వాటిలో అరుదుగా. ఒకే ఇంటి వాళ్ళు మెల్లగా వేరవుతున్న గుర్తు కావచ్చు, కాకపోనూ వచ్చు. నా సిద్ధాంత గ్రంథంలో ఆ "కాకపోనూ వచ్చు"ను ఆమె దగ్గరుండి రాయించారు. ఏడాది ఆలస్యమైంది. అవ్వ మాత్రం "పోనీలే, నా పేరు దక్కింది" అని ఊపిరి పీల్చుకుంది. టీ కొట్టులో వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు, "ఏమప్పా, నీ ఈగ యాడుండాది?"

అప్పటి నుంచీ నా బతుకు ఇట్లా తయారైంది. కొత్త కషాయంతో దగ్గు తగ్గిందని నా భార్య అంటే, తాగకపోయినా తగ్గేదేమో అంటాను. ఇంట్లో సాక్షి అన్న మాట ఎత్తకూడదని ఆమె కచ్చితంగా చెప్పేసింది.

పోయిన వేసవిలో మేడమ్ జ్ఞాపకార్థ కూడికకు బద్వేలు దగ్గరి ఆమె పల్లె చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. బస్సులో రాసుకున్న కాగితం తీశాను. "రూతమ్మ మేడమ్ లేకపోతే నేను ఈ మనిషిని అయ్యేవాణ్ణి కాను." చదవబోయి ఆగిపోయాను. సాక్షి సీసా యాడ? ఆమె చేతిలో పడకుండా పెరిగిన ఇంకో నేను ఎక్కడైనా ఉంటే కదా, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసి చెప్పడానికి! పోయాక కూడా వదలరు కదా ఈవిడ అని చిర్రెత్తుకొచ్చింది. అంతమంది నన్నే చూస్తున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నా కొత్త జాతిని ఈమె పోగొట్టినారు," అన్నాను. "ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు నా సీసాలు ఎత్తి చూసేదానికి ఎవరూ లేరు. శానా దిగులుగా ఉండాది. నేను చూసింది ఇంతే."

"ఆమెన్," అంది ముందు వరుసలో ఒక ముసలామె. నేను కూర్చుని ఏడ్చాను.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో రాసింది నిజమని నేను ఎన్నటికీ రుజువు చేయలేను. అట్లాగని చింపడానికీ చేతులు రావడం లేదు.