సైడ్‌కార్ విప్పాక బయటపడిన జబ్బు

ఒక సోమవారం ఉదయం నాచారం చౌరస్తా సిగ్నల్ దగ్గర బండితో సహా ఎడమపక్కకు పడిపోయాను. ఎవరూ ఢీకొట్టలేదు. వాన లేదు, రోడ్డు మీద ఇసుక లేదు. ఎర్ర లైటు పడింది, ఆపాను, పడ్డాను. ఎవరో ఇద్దరు బండి లేపారు. "ఈ వయసుల గింత బరువు బండి ఎందుకు తాతా?" అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు. నాకు మోకాలి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

దానికి రెండు రోజుల ముందే మల్లాపూర్‌లో ఆ బండికి సైడ్‌కార్ విప్పించాను. ఇరవై రెండేళ్లు అది బండికి ఎడమపక్కన ఉంది. నా భార్య సుగుణకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. వెనక సీటు మీద కూర్చోలేదు. అందుకే సైడ్‌కార్ పెట్టించి, కుట్టుపని నేర్పే సెంటర్‌కూ, చర్చికీ, దవాఖానాకూ అందులోనే తిప్పాను. విప్పించడానికి కొన్ని నెలల ముందు మా అమ్మాయి ఆమెకు పక్క చక్రాలున్న స్కూటర్ కొనిపెట్టింది. అరవై రెండేళ్లకు బండి నేర్చుకుని సుగుణ ఉప్పల్ దాకా ఒక్కతే వెళ్లి రావడం మొదలుపెట్టింది. నా సైడ్‌కార్ ఖాళీ అయింది. ఖాళీ సైడ్‌కార్ ఎడమ మలుపులో నేల వదిలి పైకి లేస్తుంది. అందుకని అందులో అర బస్తా ఇసుక వేసుకుని తిరిగాను.

"నా జాగల ఇసుక బస్తాను కూసోబెట్టినవా? మంచిగుంది. అది ఎదురు మాట్లాడదు గదా," అంది సుగుణ.

ఆ ఎగతాళి పడలేకే విప్పించాను.

విప్పిన మెకానిక్ యాదగిరి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. నేను లేత్ మెషీన్ మీద టర్నర్‌గా పనిచేసిన షెడ్డు పక్కనే అతని షెడ్డు. "మామా, జర పైలం. ఇన్నేండ్లు మూడు చక్రాల మీద తిరిగినవ్. ఆపినంక కింద కాలు పెట్టుడు మర్శిపోతవ్," అన్నాడు. అందరూ చేసే తప్పు అదేనట. సిగ్నల్ దగ్గర పడ్డాక ఇంట్లో, షెడ్డులో, చర్చిలో అందరూ అదే అన్నారు. కాలు పెట్టడం మరిచిపోయాడు, పాపం, అలవాటు.

నా జ్ఞాపకశక్తి గట్టిది. నేను కాలు పెట్టాను. పెట్టిన సంగతి కాలికి తెలియలేదు.

అయితే అది జబ్బు అనుకోలేదు, బండి తప్పు అనుకున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తర్వాత చదువంతా నిఘంటువు పక్కన పెట్టుకుని బండ్ల మాన్యువల్స్‌తో నేర్చుకున్నదే. ఆ చదువుతో, ఇన్నేళ్లు ఒకపక్క బరువు మోసి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వంగిందని తేల్చాను. యాదగిరితో గొడవపడ్డాను. అతను బండి తీసుకుని గల్లీ చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు రెండు చేతులూ వదిలి వచ్చి నా ముందు ఆపాడు.

"బండి సక్కగున్నది మామా. నువ్వే సక్కగ లేవు."

కోపం వచ్చింది. ఇప్పుడు అతనికి దండం పెడుతున్నాను.

ఆ నెలలోనే ఇంకో రెండుసార్లు పడ్డాను. మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో చూపించుకున్నాను. ఆ డాక్టరు నన్ను మంచం ఎక్కించలేదు, చెప్పులు విప్పమనలేదు. "ఏజ్ అంకుల్. ఈ ఏజ్‌లో బ్యాలెన్స్ తగ్గుతుంది. బండి మానెయ్యండి," అని తల తిరగకుండా మాత్రలు రాశాడు. నా తల తిరగడం లేదని రెండుసార్లు చెప్పాను. వినలేదు. రెండు నెలలు ఆ మాత్రలు మింగి నిద్రపోయాను. వయసు అనేది జబ్బు పేరు కాదు. పుస్తకంలో ఎక్కడ ఉందో ఆయన చూపిస్తే చదువుకుంటాను.

చివరికి సుగుణే తన స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఏఎస్ రావు నగర్‌లో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. వెళ్లే దారి పొడుగునా "గట్టిగ పట్టుకో. ఇసుక బస్తా లెక్క కూసో, కదలకు," అంటూనే ఉంది.

డాక్టరమ్మ మొదట చెప్పులు విప్పమంది. ట్యూనింగ్ ఫోర్క్ అనే ఇనుప పనిముట్టును మోగించి నా కాలి బొటనవేలి మీద ఆనించింది. "వైబ్రేషన్ తెలుస్తోందా అంకుల్?" తెలియలేదు. చీలమండ మీద పెట్టింది, తెలియలేదు. మోకాలి మీద పెట్టాక చిన్నగా జుమ్మంది. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమంది. నిలబడ్డాను. "ఇప్పుడు కళ్లు మూసుకోండి."

మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె నా భుజాలు పట్టుకుని ఉంది.

"రాంబర్గ్ పాజిటివ్," అని రాసుకుంది. "మీ కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు కబురు అందడం లేదు. కళ్లతో చూసి నిలబడుతున్నారు. కళ్లు మూసుకుని నిలబడే సందర్భాల్లో ముందెప్పుడైనా ఊగారా?"

నేను ఆలోచిస్తుండగానే సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో డాక్టరమ్మా! రెండేండ్ల సంది చర్చిల ప్రార్థన జేసేటప్పుడు కండ్లు మూసుకుని ఊగుతుండు. ముందటి బల్ల పట్టుకుని ఊగుతుండు. మేమందరం ఆత్మ దిగిందనుకున్నం!"

నాకూ అప్పుడే గుర్తొచ్చింది. ప్రార్థనలో ఊగుతున్నానని నాకు తెలుసు. భక్తి వల్లనే అని నేను కూడా నమ్మాను. సాటివాళ్లు గౌరవంగా చూస్తుంటే కాదనుకోవడం ఎందుకు? ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అంతకు ముందు ఎండాకాలం చర్చి నుంచి ఇంటికి ఒక కాలి చెప్పు లేకుండానే వచ్చాను. ఎక్కడ జారిందో తెలియలేదు. మతిమరుపు అని అందరూ నవ్వారు. రెండేళ్లుగా కాళ్లు కబుర్లు పంపుతూనే ఉన్నాయి, మేం చదవలేదు. బండి మీద సైడ్‌కార్ నన్ను నిలబెట్టింది కాబట్టి అక్కడ కూడా బయటపడలేదు.

బ్లడ్ టెస్టులు, నర్వ్ కండక్షన్ స్టడీ అయ్యాయి. రెండోదానిలో కాళ్లకు చిన్నచిన్న షాకులు ఇస్తారు, చిటుక్కుమంటుంది, భయపడనక్కర్లేదు. రిపోర్టులో విటమిన్ బీ ట్వెల్వ్ ఉండాల్సిన దానికంటే చాలా దిగువన ఉంది. అది తగ్గితే నరాలు దెబ్బతింటాయట.

"షుగర్ మాత్ర ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారు?"

"పద్నాలుగేళ్లు."

"మెట్‌ఫార్మిన్. చాలాకాలం వాడితే కొందరిలో బీ ట్వెల్వ్ ఒంటికి పట్టదు."

"మాంసంల అది ఉంటదంటరు, మేం తింటం గదమ్మా?"

"తిన్నా పట్టదు అంకుల్. అలాగని ఆ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఇంజెక్షన్లు ఇస్తాం."

ఈ సంగతి మాత్రతో వచ్చే కాగితంలో ఉందని తర్వాత తెలిసింది. కనబడిన కాగితమల్లా చదివే నేను అదొక్కటే చదవలేదు. మందుల షాపులో షీటు కత్తెరతో కోసి కవర్లో వేసి ఇస్తారు, కాగితం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. పద్నాలుగేళ్లు ఆ మాత్ర రాసిన వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఈ కోపం నాకు ఇంకా పోలేదు.

రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మూడో వారానికి ఒళ్లు తేలికైంది, ఆకలి పెరిగింది. బాగైపోయిందనుకుని, సుగుణ సెంటర్‌కు వెళ్లాక బండి తీశాను. మల్లాపూర్ ఎత్తు దగ్గర ముందు లారీ ఆగింది, నేనూ ఆపాను. పాదం మడతపడింది. ఈసారి కుడిచేతి మణికట్టు విరిగింది.

ఆరు వారాల కట్టు. నాలుగో రోజు సుగుణ అన్నం కలిపి నోట్లో పెడుతూ అంది: "సైడ్‌కార్ మళ్ల పెట్టియ్యి. నేను అండ్ల ఇరవై రెండేండ్లు కూసున్న. నా ఇజ్జత్ ఏమన్న పోయిందా?"

యాదగిరి షెడ్డులో టార్పాలిన్ కింద అది భద్రంగానే ఉంది. వెళ్లి చూసొచ్చాను కూడా. డాక్టరమ్మను అడిగితే, "ఆరు నెలలు ఆగండి. నరం నెమ్మదిగా కోలుకుంటుంది. పూర్తిగా రాకపోవచ్చు కూడా. ఆ తర్వాత సైడ్‌కారో, సోలోనో చూద్దాం," అంది. బండి ఒక్కటే కాదు, ఆలస్యం చేసి ఉంటే నడక కూడా పోయేదని అప్పుడే చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె సరే అనేదాకా నేను కిక్ కొట్టలేదు.

ఫిజియోథెరపీలో నేర్పింది ఇంట్లో చేశాను. రెండు గోడలు కలిసే మూలలో వీపు పెట్టి కళ్లు మూసుకుని నిలబడాలి. గచ్చు మీద టైల్స్ గీత వెంట మడమకు వేలు ఆనించి నడవాలి. సుగుణ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని లెక్కపెట్టేది. "పడితే గోడ మీద పడు, నా మీద పడకు. నాకున్నది ఒక్కటే మంచి కాలు," అనేది. మొదట్లో ఐదు అంకెలు లెక్కపెట్టేలోపే ఒరిగేవాణ్ణి. ఐదో నెలలో ముప్పై దాకా నిలబడ్డాను. ఇంజెక్షన్లకు, పరీక్షలకు ఆ నెలలన్నీ నన్ను ఆమే తన బండి మీద తిప్పింది. ఉప్పల్ రోడ్డు మీద జనం తిరిగి చూసేవాళ్లు. మొదటి వారం తల దించుకున్నాను. తర్వాత మానేశాను.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. నెలకొక ఇంజెక్షన్ నడుస్తోంది. కాలివేళ్ల కొసలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. అయినా డాక్టరమ్మ పరీక్షించి, చీకట్లో వద్దు, వెలుతురు ఉన్నప్పుడే అని ఒప్పుకున్నాక సోలో బండి నడుపుతున్నాను. మొదటిరోజు యాదగిరి షెడ్డు ముందు ఆపి ఎడమకాలు కింద పెట్టాను. చెప్పు కింద ఒక కంకర రాయి గుచ్చుకుంది. అబ్బా అన్నాను.

"ఏమైంది మామా?" అని పరుగెత్తుకొచ్చాడు యాదగిరి.

"రాయి గుచ్చుకున్నదిరా," అన్నాను. నేను ఎందుకు నవ్వుతున్నానో అతనికి అర్థం కాలేదు.

షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బీ ట్వెల్వ్ టెస్టు రాయమని మీరే అడగండి. మొహం కడుక్కునేటప్పుడో, దండం పెట్టుకునేటప్పుడో కళ్లు మూసుకుంటే ఒరుగుతున్నారా, ఆ మాట కూడా చెప్పండి. ఇదంతా వయసేనని ఆయన తేల్చేస్తే లేచి వచ్చి ఇంకో డాక్టరును చూడండి.

పోయిన ఆదివారం చర్చిలో మా వెనక బల్ల పెద్దమ్మ అడిగింది, "ఏందన్నా, ఈ మధ్య ప్రార్థనల అస్సలు ఊగుత లేవు. భక్తి తగ్గిందా?"

నేను నోరు తెరిచేలోపే సుగుణ అందుకుంది. "భక్తి గట్లనే ఉన్నది అక్కా. జబ్బే తగ్గింది."