బాబాయికి సైకిలు రాదు

బాబాయికి ఏదీ రాదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఇంట్లో అందరికంటే చిన్నపిల్లకి ఏది రాదో అది బాబాయికీ రాదు. పిల్లకి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాకపోతే, ఆయనా కింది బొత్తాం పై కాజాలో దూర్చి, మెడ వంకరపెట్టుకుని, "ఇదేంటే, నాకూ కుదరట్లేదు!" అని బిక్కమొహం వేసేవాడు. పిల్లకి మాత్ర మింగడం చేతకాకపోతే, ఆయన నాలిక మీద మాత్ర పెట్టుకుని హాలంతా పరుగు.

ఇంతకీ ఆయనగారి ఉద్యోగం ఏమిటనుకున్నారు? సర్జను. పగలంతా జనం పొట్టలు కోసి కుట్టి, సాయంత్రం ఇంటికొచ్చి బూటు లేసు ముడి తెలియక గుమ్మంలో కూలబడేవాడు.

"ఈ చేతులకా పొట్టలు అప్పగించేది! జనం ధైర్యానికి దండం పెట్టాలి" అనేది పిన్ని.

ఇంటిపిల్లలందరూ ఆయనకి వంతులవారీగా సైకిలు నేర్పారు. పెద్దది నేర్పితే ఏడాది తిరక్కుండా మర్చిపోయాడు. రెండోవాడు నేర్పితే అదీ మర్చిపోయాడు. మూడో వంతు, ముందుముందు లెక్చరరమ్మ కాబోయే పిల్లది. అప్పటికామెకి ఎనిమిదేళ్ళు. అంతకు వారం ముందే వీధిలో అందరిముందూ పడి, ఇక జన్మలో సైకిలు ఎక్కనని ఒట్టేసుకుంది. కానీ ఇంత మనిషి, తనకంటే అధ్వాన్నంగా సీటు పట్టుకుని వణుకుతుంటే జాలేసింది. "భయపడకు బాబాయ్, కిందకి కాదు, ముందుకి చూడు, ఇలా!" అని తనే తొక్కి చూపించింది. ఆయన ఎక్కి, తిన్నగా వెళ్ళి చెత్తబండిని గుద్దాడు. చెయ్యందించి లేపినాయన మర్నాడు ఈయన దగ్గరే ఆపరేషన్ చేయించుకోవాల్సిన పేషెంటు. ఆ క్షణంలోనే ఆ పేషెంటు నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందట.

ఆ పిల్లే పెద్దదై, టీచర్లని తయారుచేసే కాలేజీలో లెక్చరరైంది. పుట్టినప్పటినుంచి మీసం మొలిచేదాకా పిల్లల ఒళ్ళూ మనసూ ఎలా ఎదుగుతాయో చెబుతుంది. ఏటా మొదటి క్లాసులో, "నేను ఎనిమిదేళ్ళకే ఒక సర్జనుకి సైకిలు నేర్పాను. నేర్పడం నా రక్తంలోనే ఉంది" అని కోతలు కోసేది. రక్తం సంగతి ఏమోగానీ, తెలివి మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

కూతురు పుట్టగానే ఫ్రిజ్జుకి చార్టు అంటించింది. ఏ నెలలో బోర్లాపడాలి, ఏ నెలలో పాకాలి అన్నీ అందులో ఉన్నాయి. ఆ పిల్ల పాకడం మానేసి ఏకంగా లేచి నడిచేసింది. సంతోషించాల్సింది పోయి, "అయ్యో, పాకే దశ తప్పిపోయింది!" అని లెక్చరరమ్మ నేలమీద పాకి చూపించింది. పిల్ల నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరు ఏ దశలో ఉన్నారో ఇంటిల్లిపాదికీ అర్థమైంది.

పదమూడో ఏట ఆ కూతురు ఉన్నట్టుండి తాడెత్తు ఎదిగింది. బడిలో 'నిచ్చెన' అన్నారు. లిఫ్టులో పక్కింటావిడ, "ఆడపిల్లకి ఇంత పొడుగెందుకమ్మా?" అంది, ఏదో పిల్ల అర్జీ పెట్టుకుని తెప్పించుకున్నట్టు. ఆడపిల్ల ఎత్తు పెరిగినా తప్పే, గొంతు పెరిగినా తప్పే. కత్తిరించి కురచ చేద్దామని కత్తెర పట్టుకు తిరిగేవాళ్ళకి కొదవా! పిల్ల భుజాలు ముడుచుకుంది, నడుం వంచింది, వదులు చొక్కాలో దాక్కుంది. హైజంప్‌లో బడి మొత్తానికి మేటి అయివుండి, జట్టులోంచి పేరు తీయించేసుకుంది. శనివారం ఎంపికలు, ఆ రోజు రాకపోతే ఇక ఈ ఏటికి లేనట్టేనని ఆటల టీచరు ఫోను చేసింది.

లెక్చరరమ్మ గొంతు సవరించుకుంది. "చూడమ్మా, ఈ వయసులో ముందు ఎముకలు సాగుతాయి, ఆత్మవిశ్వాసం వెనకాల..."

"అమ్మా, ఇది నీ క్లాసు కాదు!" తలుపు ధడాలుమంది.

మిగతా పాఠం లెక్చరరమ్మ తలుపుకి చెప్పింది. సిలబస్ మధ్యలో వదిలే అలవాటు ఆమెకి లేదు.

శుక్రవారం సాయంత్రం బాబాయి దిగాడు. గుమ్మంలో విల్లులా వంగి, మోకాళ్ళు పట్టుకుని.

"ఏమైంది తాతా?"

"నడుమే. నిటారుగా నడవమని డాక్టరు చెప్పాడు. ఎలాగో తెలిసి చావట్లేదు."

"ఏ డాక్టరు?"

"నేనే."

"మరి వినచ్చుగా!"

"నా మాట నేనెప్పుడు విన్నాను? కాస్త నువ్వు చూపించు తల్లీ."

"భుజాలు వెనక్కి పెట్టు."

"ఎంత వెనక్కి?"

"ఇంత."

"నువ్వే వంగుంటే నాకేం తెలుస్తుందే? ఆ గోడకి ఆనుకుని చూపించు."

పిల్ల గోడకి ఆనింది. మడమలు, వీపు, తల. ఎన్ని నెలలకో ఆ ఇంట్లో పిల్ల ఎత్తు పూర్తిగా కనిపించింది.

"అమ్మో, అంత పైదాకానా! నాకు కళ్ళు తిరుగుతాయేమో!"

"ఏం తిరగవు. నేలకేసి చూడకు తాతా. ఇదిగో, ఇలా." హాలు ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి చూపించింది.

వంటగదిలోంచి లెక్చరరమ్మ, "వెన్నెముకలో..." అని నోరు తెరిచింది. బాబాయికి ఎక్కడలేని దగ్గు ముంచుకొచ్చింది. ఆమె నోరు మూసేదాకా తగ్గలేదు.

శనివారం పొద్దున్నే పిల్ల బూట్లు వేసుకుంటోంది. బడి సంచీలో ఆటల డ్రెస్సు.

"తాత నడుం ఎలా ఉందో కనుక్కుని వెళ్ళవే" అంది లెక్చరరమ్మ.

"తాత నడుముకేమైందమ్మా? నిన్న ఆటో దిగి, పెట్టె భుజాన వేసుకుని గేటుదాకా కర్రలా నడిచొచ్చాడు. బాల్కనీలోంచి చూశాగా."

"మరి అంతసేపు ఎందుకు నేర్పినట్టు?"

"పాపం, అంత కష్టపడి వంగాడు. కాదంటే చిన్నబుచ్చుకోడూ?"

పిల్ల గుమ్మం దాటింది, తల వంచకుండా.

లెక్చరరమ్మ గరిటె పట్టుకునే బాబాయి దగ్గరికొచ్చింది. కూతురికి ఒక్కపూటలో తెలిసింది తనకి ముప్ఫై ఏళ్ళు పట్టి, ఇప్పుడిప్పుడే తెల్లవారుతోంది.

"బాబాయ్! అంటే... నీకు సైకిలు ముందే వచ్చా?"

"నువ్వు నేర్పాకేగా వచ్చింది" అన్నాడు బాబాయి, పేపరు అడ్డం పెట్టుకుని. "అది సరేగానీ, ఈ వయసు పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు బొత్తిగా రాదే. నువ్వు పాఠాలు చెప్తావుగా, కాస్త నేర్పు."

లెక్చరరమ్మ హుషారుగా కుర్చీ లాక్కుంది. "ఏముంది బాబాయ్! ముందు తలుపు కొట్టాలి. రమ్మనేదాకా ఆగాలి. లోపలికెళ్ళాక మనం నోరు మూసుకుని, వాళ్ళు చెప్పేది..."

ఆగిపోయింది. పేపరు వెనక బాబాయి భుజాలు నవ్వుకి ఊగుతున్నాయి.

"ఆపుతావేం? బాగానే వస్తోంది" అన్నాడు. "ముందుకి చూడు."